వానలో అద్దాన్ని తేటపరిచిన ఏసీ తెల్లవారుజామున మసకబరుస్తోంది, ఎందుకు?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మగారిని వైద్య పరీక్షల కోసం నెలకు రెండుసార్లు కారులో ఒంగోలుకు తీసుకువెళుతుంటాను. గత నవంబరులో ఉలవపాడు దగ్గర జోరువానలో ముందు అద్దానికి ఒక్కసారిగా ఆవిరి పట్టింది. ఎదుటి లారీ వెనుక దీపాలు ఎర్రటి మరకల్లా తప్ప కనిపించలేదు. ఏసీ వేయగానే కాసేపటికి అద్దం తేటపడింది. ఆ ధైర్యంతోనే ఈ సెప్టెంబరులో, వాన లేని ఒక తెల్లవారుజామున, ఏసీని పూర్తి చల్లదనంలో పెట్టుకుని బయలుదేరితే, సింగరాయకొండ చేరేలోపే అద్దం పాలపొర కప్పినట్లు తెల్లబడింది. లోపల గుడ్డతో ఎంత తుడిచినా పోలేదు. ఒకే ఏసీ రెండు రకాలుగా ఎందుకు పనిచేస్తోందో దయచేసి వివరించగలరు. అమ్మ పక్కన ఉండగా రోడ్డు కనిపించకపోవడంతో చాలా భయపడ్డాను.

సమాధానం (ఒంగోలు నుంచి)

లోపల తుడిచినా పోలేదన్నారు కదండీ, జవాబు అందులోనే ఉంది. ఆ పొర అద్దానికి బయటివైపు పట్టింది. తెల్లవారుజామున మన సముద్రతీరపు గాలి 28 డిగ్రీల వేడితో, 90 శాతం తేమతో ఉందనుకుంటే, సుమారు 26 డిగ్రీలకో అంతకంటే తక్కువకో చల్లబడిన ప్రతి వస్తువు మీదా ఆ తేమ నీరై పేరుకుంటుంది. చల్లటి నీళ్లు పోసిన చెంబుకు చెమట పట్టేది ఇందుకే. మీ ఏసీ అద్దాన్ని ఆ చెంబులా మార్చింది. అప్పుడు వైపర్ వేసి, గాలిని అద్దం మీదికి కాక ముఖం వైపు మళ్లించి, ఉష్ణోగ్రతను 26, 27 దాకా పెంచితే సరిపోతుంది.

వానలో జరిగింది దీనికి తలకిందులు. అద్దాన్ని వాన చల్లబరిచింది, మన ఊపిరిలోని, తడి బట్టల్లోని తేమ లోపలివైపు చేరింది. ఏసీ ఆ తేమను పీల్చి నీరుగా కింద వదిలేస్తుంది. ఆగి ఉన్న కారు కింద కారే నీరు అదే. కాబట్టి వానలో ఏసీ వేసి, గాలిని అద్దం మీదికి పెట్టి, లోపలి గాలినే తిప్పే బటన్ ఆపి, ఉష్ణోగ్రతను వేడి వైపు జరపండి. ఏసీ, హీటర్ కలిపి వాడకూడదని చాలామంది అనుకుంటారు కానీ, ఇక్కడ రెండూ కావాలి: ఒకటి గాలిని ఆరబెడుతుంది, రెండోది అద్దాన్ని వెచ్చబరుస్తుంది. అనుమానం వస్తే లోపల అద్దం మీద వేలితో గీయండి. గీత పడితే తేమ లోపల ఉన్నట్లు.

సమాధానం (నెల్లూరు నుంచి, కారు ఏసీ పనివాడిని)

పై వివరణ సరైనదే, ఒక్క మాట కలుపుతాను. అద్దం తేటపడగానే పెట్రోలు ఆదా కోసం ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం ఉంచుతారు. అప్పటిదాకా తడిసి ఉన్న ఏసీ కాయిల్ మీది నీరంతా ఆవిరై, మళ్లీ అద్దం మీదికే వస్తుంది. వాన వెలిసేదాకా ఏసీ ఆపకండి. మామూలు రోజుల్లోనూ తరచుగా లోపల ఆవిరి పడుతుంటే ఎడమ సీటు ముందున్న మ్యాట్ ఎత్తి చూడండి. అక్కడ తడి ఉంటే నీరు పోయే గొట్టం మూసుకుపోయిందేమో చూపించాలి. తీపి వాసనతో జిడ్డుపొర కనిపిస్తే అది హీటర్ నుంచి కారే కూలెంట్. దానిని వాయిదా వేయవద్దు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న తెల్లవారుజామున మళ్లీ పొర కమ్మితే లోపల వేలితో గీశాను, గీత పడలేదు. వైపర్ రెండు ఊపులకే పోయింది; ఏసీని 26లో పెట్టుకుంటే టంగుటూరు దాటినా తిరిగి రాలేదు. ఇంటికి వచ్చాక మ్యాట్ కూడా ఎత్తి చూశాను. కింద అరచేతి మేర తడి ఉంది, గొట్టం చూపించడానికి రేపు ఉదయం కారును వర్క్‌షాపులో ఇస్తున్నాను.