ప్రపంచ బ్యాంకు లాంటి చోట ఆర్థికవేత్తగా పని: మన జిల్లాల పిల్లలకు దారి ఎటు?

ఆమదాలవలస నాన్న
నమస్కారం అండీ. మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఏ ఎకనామిక్స్ రెండో ఏడు చదువుతోంది. బ్యాంకు కోచింగ్‌లో చేర్పిద్దామని నేను, గ్రూప్ 2 రాయించమని వాళ్ల మేనమామ. తనేమో పేదరికం మీద, ఉపాధి పథకాల మీద పనిచేసే ఆర్థికవేత్త అవుతానంటోంది. ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి లాంటి చోట్లట. కాదనడానికి మనసొప్పట్లేదు, సరేననడానికి నాకేమీ తెలియదు. మన వైపు నుంచి అలా వెళ్లినవాళ్లున్నారా? ఇంటర్లో తను సీఈసీ, లెక్కలు పదో తరగతితోనే ఆగిపోయాయి.

కోరుకొండ పాత విద్యార్థి
ఉన్నారండీ, దువ్వూరి సుబ్బారావు గారు. పుట్టింది ఏలూరులో, చదివింది విజయనగరం దగ్గర మా కోరుకొండ సైనిక్ స్కూల్లో. తర్వాత ఖరగ్‌పూర్, కాన్పూర్ ఐఐటీల్లో ఫిజిక్స్. 1972లో ఐఏఎస్, ఆ పరీక్షలో దేశానికే ఫస్ట్. ఉద్యోగంలో తొలి రోజుల్లో పార్వతీపురం సబ్ కలెక్టరుగా చేశారు. అప్పటికి విజయనగరం జిల్లా పుట్టలేదు, 1979లో కదా వచ్చింది. పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలోదే.

ఎకనామిక్స్ డిగ్రీలు ఆ తర్వాతి సంగతి. ఒహాయో స్టేట్‌లో మాస్టర్స్, ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీ. 1993 నుంచి 98 దాకా మన రాష్ట్ర ఆర్థిక కార్యదర్శి. 1999 నుంచి 2004 దాకా ప్రపంచ బ్యాంకులో లీడ్ ఎకనామిస్ట్, ఆఫ్రికా, తూర్పు ఆసియా దేశాల ప్రభుత్వ పద్దుల మీద పని. 2008 సెప్టెంబర్ 5న ఆర్‌బీఐ గవర్నర్ అయ్యారు, పది రోజులకే అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది.

మీ పాపకు ఐఏఎస్ మీదుగా వెళ్లే ఈ దారి సరిపోకపోవచ్చు. నేను చెప్పదలుచుకున్నది ఒకటే. పరాయి దేశాల పద్దులు చూడ్డానికి వెళ్లేనాటికి ఆయన ఒక రాష్ట్ర ఖజానాను ఐదేళ్లు చూసి ఉన్నారు. పుస్తకంలో చదివిన లోటు వేరు, ఒకటో తారీఖు జీతాలకు డబ్బు సర్దాల్సిన లోటు వేరు.

బొబ్బిలి సర్వే
నేను ఆర్థికవేత్తను కాను, వాళ్లకు ఊళ్ల నుంచి లెక్కలు తెచ్చిచ్చే పని చేశాను. ఉపాధి హామీ కూలి డబ్బు వేలిముద్రతో పనిచేసే స్మార్ట్ కార్డు మీద ఇస్తే తేడా వస్తుందా అని ఉమ్మడి రాష్ట్రంలో 8 జిల్లాల్లో పెద్ద పరిశోధన జరిగింది, అందులో మన విజయనగరం ఒకటి. ఏ మండలానికి ముందు కార్డులు ఇవ్వాలి, దేనికి తర్వాత ఇవ్వాలి అన్నది లాటరీ తీసినట్టు నిర్ణయించి, రెండింటినీ పోల్చారు. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు చేసిన పని, 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. కూలి త్వరగా అందింది, మధ్యలో పోయే డబ్బు తగ్గింది. మన మండలాలు ప్రపంచమంతా చదివే పత్రికలోకి ఎక్కాయి, మన ఊళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఆ రోజుల్లో తెర్లాం వైపు ఒక ఊళ్లో చూశాను. మట్టి తవ్వీ తవ్వీ ఒక ముసలమ్మ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మిషన్ మీద బొటనవేలు నాలుగుసార్లు పెట్టింది, పడలేదు. కొంగుతో తుడుచుకుని ఉంగరపు వేలు పెడితే పడింది. "పోయిన వారం ఎన్ని రోజులు పనికెళ్లావమ్మా?" అని అడిగితే అంకె చెప్పలేదు. "సంత నాడు వెళ్లనేదు బాబూ, మనవడికి జరమొచ్చిన నాడు వెళ్లనేదు, ఆ మర్నాడు వాన" అని వేళ్లు మడిచి మడిచి చెప్పింది. చివరికి నేను కాయితం మీద వేసింది 4. ఆ నాలుగు ఎలా వచ్చిందో తెలిసిన మనిషి రాసే రిపోర్టు వేరుగా ఉంటుంది. మీ పాపను వేసవి సెలవుల్లో ఏదైనా సర్వే పనికి పంపండి. అయితే డబ్బు మాట ముందే రాయించుకోండి. నాకు ఒక ఏజెన్సీ రెండు నెలల బస్సు ఛార్జీలు ఇప్పటికీ ఇవ్వలేదు.

టెక్కలి, ఇప్పుడు వాషింగ్టన్
ఇక్కడి సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. ప్రపంచ బ్యాంకులో ఆర్థికవేత్తల్లో ఎక్కువమంది పీహెచ్‌డీ చేసినవాళ్లే. కుర్రవాళ్లను ఉద్యోగంలోకి తీసుకోవడానికి 1963 నుంచి నడుస్తున్న యంగ్ ప్రొఫెషనల్స్ పథకం ఒకటుంది, వయసు పరిమితి 32 ఏళ్లుగా ఉండేది. పోటీ విపరీతం, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. నాలాంటివాళ్లు చాలామంది షార్ట్ టర్మ్ కన్సల్టెంట్లుగా మొదలుపెట్టాం. అంటే ఆర్థిక సంవత్సరంలో 150 రోజులకు మించి పని ఉండదు, మిగతా రోజులకు జీతమూ ఉండదు. ఇక్కడ ఆర్థిక సంవత్సరం జూన్‌తో ముగుస్తుంది, ఆ నెల వస్తోందంటే కొత్త కాంట్రాక్ట్ వస్తుందా రాదా అని టెన్షన్, వీసా దానితోనే ముడిపడి ఉంటుంది. నాలుగేళ్లు అలా గడిపాను. పని మాత్రం ఇష్టమైన పని, అందుకే తట్టుకున్నాను.

చీపురుపల్లి నుంచి హెచ్‌సీయూ
అంకుల్, నేనూ ఇంటర్ సీఈసీయే. ఇప్పుడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్. లెక్కలు రాక మొదటి సెమిస్టర్లో హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పీజీ ఎంట్రన్స్ రాసేముందు ఒక ఏడాది పూర్తిగా లెక్కలకే ఇచ్చి ఉంటే ఆ ఏడుపు ఉండేది కాదు. మా తమ్ముడి తెలుగు అకాడమీ ఎంపీసీ పుస్తకాలతోనే నెట్టుకొచ్చాను: 1ఏలో మాత్రికలు, 1బీలో డెరివేటివ్స్, 2ఏలో ప్రాబబిలిటీ. ఎంఏకి ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కైనా, ముంబయిలోని ఇందిరా గాంధీ పరిశోధన సంస్థ ఐజీఐడీఆర్‌కైనా ఇవి లేకుండా కుదరదు. ఐఎస్ఐ, అంటే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, ఎంట్రన్స్ అయితే ఇంకా కష్టం. చెల్లికి ఇంకా రెండో ఏడే అంటున్నారు కదా, బోలెడు టైముంది. ఇంగ్లిష్ గురించి కంగారు పడొద్దు, అది క్లాసులో కూర్చుంటే వచ్చేస్తుంది.

పాలకొండ టీచర్
సర్వే దాకా ఎందుకు, ముందు ఇంట్లోనే అడగమనండి. 2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో వెలుగు అనే పేదరిక నిర్మూలన ప్రాజెక్టు మొదలైన 6 జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. ఆ కాలపు పొదుపు సంఘాల్లో ఉన్న ఆడవాళ్లు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు.

ఆమదాలవలస నాన్న
అందరికీ దండాలు. టీచర్ గారి మాట చదివి వినిపిస్తే మా అమ్మ లోపలికెళ్లి ట్రంకు పెట్టెలోంచి సంఘం పాస్‌బుక్ తెచ్చింది. రోజుకు రూపాయి లెక్కన నెలనెలా 30 రూపాయల పొదుపు, పక్కన వేలిముద్ర. రెండు నెలలు ఖాళీగా ఉన్నాయి. ఎందుకు కట్టలేదని మా పాప అడిగితే, మా తాతకు ఆపరేషన్ అయిన సంగతి మొదలుపెట్టి గంటసేపు చెప్పింది. తను నోట్‌బుక్ తెచ్చుకుని రాసుకుంటూ కూర్చుంది.

బ్యాంకు కోచింగ్ సంగతి ప్రస్తుతానికి ఆపాను. వాళ్ల మేనమామకు నేనే చెప్పుకుంటాను. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర్లో, ఎంసెట్ హడావిడి లేకుండా సాయంత్రం పూట 1బీ మొదటి నుంచి చెప్పే లెక్కల మాస్టారు ఎవరైనా ఉంటే చెప్పండి. అమ్మాయి ఆమదాలవలస బస్సు ఏడున్నర లోపు ఎక్కేయాలి.