నాన్న ట్రంకుపెట్టెలో యాభై రూబుళ్ళ నోట్లు: ఆ రోజుల్లో అక్కడున్నవాళ్ళు చెప్పండి

సింధూర
అందరికీ నమస్కారం. పోయిన నెల నాన్న సంవత్సరీకం అయ్యాక ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే ఒక రష్యన్ లెక్కల పుస్తకంలో ఆరు నోట్లు దొరికాయి. ఆకుపచ్చవి, లెనిన్ బొమ్మ ఉంది, ఒక్కోటీ 50 రూబుళ్ళు. నాన్న 1984 నుంచి 1990 దాకా మాస్కోలో ఇంజనీరింగ్ చదివారు. అక్కడి మంచు గురించీ మెట్రో గురించీ ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు, డబ్బు ఊసు మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. నేను ఇంటర్ పిల్లలకి ఎకనామిక్స్ చెప్తాను. "1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ రద్దయింది, తర్వాత మార్కెట్ వ్యవస్థ వచ్చింది" అని చెప్పేసి ముందు పాఠానికి వెళ్ళిపోతుంటాను. ఈ నోట్లు చూశాక అలా చెప్పబుద్ధి కావడం లేదు. అప్పుడు అక్కడున్నవాళ్ళని ఒక్కటే అడుగుతున్నాను. చేతిలో డబ్బుండి కొట్లో సరుకు లేని రోజులు కష్టమా, కొట్లో సరుకుండి చేతిలో డబ్బు లేని రోజులు కష్టమా?

నెవా ఒడ్డు
సింధూర గారూ, ఆ ఆరు నోట్లూ చెల్లకుండా పోయిన రాత్రి నేను లెనిన్‌గ్రాడ్‌లో హాస్టల్లో ఉన్నాను. 1991 జనవరి 22, మంగళవారం. రాత్రి తొమ్మిది గంటల వార్తల్లో చెప్పారు, 50, 100 రూబుళ్ళ నోట్లు ఇక చెల్లవని. మార్చుకోడానికి మూడు రోజులు గడువు, అదీ మనిషికి వెయ్యి రూబుళ్ళ దాకానే. బ్యాంకులో దాచుకున్నదాంట్లోంచి నెలకి 500 మించి తీసుకోవడానికి లేదు. అప్పటి ప్రధాని పావ్‌లోవ్ పేరుతోనే ఆ సంస్కరణని పిలిచేవాళ్ళు. వార్త విన్న పావుగంటకే మా ఫ్లోర్‌లో సగం మంది కోట్లు తొడుక్కుని మెట్రో స్టేషన్‌కి పరుగెత్తారు, పెద్ద నోటిచ్చి చిల్లర పుచ్చుకుందామని. మెట్రో టికెట్ అప్పుడు 5 కోపెక్కులు, అంటే రూబులులో ఇరవయ్యో వంతు.

మీ ప్రశ్నకి వస్తాను. సరుకు లేని రోజులకి మేం అలవాటుపడిపోయాం. అందరి జేబులోనూ ఒక వల సంచీ ఉండేది, "అవోస్కా" అనేవాళ్ళు. "ఏమో, ఏదైనా దొరుకుతుందేమో" అని దానర్థం. ఎక్కడ క్యూ కనిపించినా ముందు "క్తో పస్లేద్నీ?", అంటే చివర ఎవరండీ అని అడిగి నిలబడ్డం, ఆ తర్వాతే ఏం అమ్ముతున్నారని అడగడం. నా స్టైపెండ్ 90 రూబుళ్ళు మిగిలిపోయేది కూడా.

1992 జనవరి 2న ధరల మీద అదుపు ఎత్తేశారు, రష్యాలో ఆర్థిక సంస్కరణలు నడిపిన గైదార్ హయాంలో. కొన్ని వారాల్లో కొట్లు నిండాయి. సాసేజి, వెన్న, చీజు, అన్నీ కనబడేవి. మా హాస్టల్ గుమ్మం దగ్గర ఒక బాబూష్క, అంటే ముసలమ్మ, కూర్చునేది, తాళాలు ఇచ్చే ఆవిడ. యుద్ధంలో లెనిన్‌గ్రాడ్ ముట్టడి దాటి బతికిన మనిషి. తన చావు ఖర్చులకని ఏళ్ళ తరబడి డబ్బు కూడబెట్టుకుంది. అక్కడ ముసలివాళ్ళు చాలామంది అలాగే దాచుకునేవాళ్ళు. ఆ ఏడాది ధరలు ఇరవై అయిదు రెట్లకు పైగా పెరిగాయి. ఎండాకాలం నాటికే ఆ డబ్బుతో శవపేటికకి కొయ్య కూడా రాదని నాతో చెప్పింది. ఏడవలేదు. ఊరికే చెప్పింది. నాకు ఏం అనాలో తోచలేదు, ఇప్పటికీ తోచదు.

ఒంగోలు రైతుబిడ్డ
నేను రష్యా చూడలేదు, కానీ ఆ దెబ్బ పొగాకు ఆరబెట్టే మా బ్యారన్ దాకా వచ్చింది. మన వర్జీనియా పొగాకు కొనేవాళ్ళలో సోవియట్ యూనియన్ పెద్దది. డాలర్లతో పని లేదు. వాళ్ళు కొన్న పొగాకు, టీ, మిరియాలు, బనియన్లు అన్నీ ఒక ఖాతాలో రూపాయల్లో రాసుకునేవాళ్ళు, మనం తెచ్చుకున్న యంత్రాలూ ఆయుధాలూ అదే ఖాతాలో ఖర్చు. ఖాతా నడిపే దేశమే లేకుండా పోతే ఆ సరుకు ఎవరికి అమ్మాలి? వేలం కేంద్రంలో మా నాన్న బేళ్ళు వెనక్కి తెచ్చుకున్న రోజు నాకు తొమ్మిదేళ్ళు. ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. సోవియట్ నాయకుడు గోర్బచోవ్ పేరు నేను మొదట విన్నది మా ఊరి అరుగు మీదే.

వరంగల్ విద్యార్థి
అది కూలిపోవాల్సిన వ్యవస్థేగా? ధరలు ఆఫీసులో కూర్చుని నిర్ణయిస్తే ఇంకేమవుతుంది?

నెవా ఒడ్డు
తమ్ముడూ, నువ్వన్నదాంట్లో నిజం ఉంది. ప్రభుత్వ దుకాణంలో మాంసం ధర 1962లో పెంచారు, మళ్ళీ 1991 దాకా ముట్టుకోలేదు. 1962లో పెంచినప్పుడు నోవోచెర్కాస్క్‌లో కార్మికులు రోడ్డెక్కితే కాల్పులు జరిపారు, ఆ తర్వాత ఆ ధర జోలికెళ్ళే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ధర కదలదు, జీతాలు పెరుగుతాయి, కొట్లో సరుకు ఉండదు. జనం డబ్బు బ్యాంకులో పేరుకుపోతుంది. పైగా 1986లో చమురు ధర పడిపోయింది, మద్యం మీద ఆంక్షలతో ఆ రాబడీ తగ్గింది, లోటు పూడ్చడానికి నోట్లు అచ్చేశారు. ప్రణాళికలు వేసే ప్రభుత్వ సంస్థ గోస్‌ప్లాన్ కాగితాల మీద అంతా బాగానే ఉండేది. కూలడం ఆగేది కాదు. కానీ ఆ బిల్లు ఎవరిచేత కట్టించారన్నదే నా బాధ. బ్యాంకు పుస్తకం తప్ప ఇంకేమీ లేనివాళ్ళ చేత కట్టించారు. ఫ్యాక్టరీ దగ్గరున్నవాళ్ళకి ఫ్యాక్టరీయే దక్కింది. ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో వాటాలు తీసుకోమని మనిషికో 10,000 రూబుళ్ళ వోచరు పంచి ఆస్తి అందరిదీ అన్నారు. ఒక్కో వోచరుకి రెండు వోల్గా కార్లు వస్తాయని ఆ ప్రైవేటీకరణ నడిపిన చుబైస్ అన్నాడు. మా ప్రొఫెసరు గారు దాన్ని అమ్ముకుని బూట్లు కొనుక్కున్నారు.

ఖార్కివ్ డాక్టరు
ఉక్రెయిన్ సంగతి ఇంకా ఘోరం. నేను 1991 నుంచి 97 దాకా ఖార్కివ్‌లో వైద్యం చదివాను. 1993లో అక్కడ ధరలు ఏడాదిలో వంద రెట్లు దాటి పెరిగాయి. పొద్దున చెప్పిన ధర సాయంత్రానికి ఉండేది కాదు. నేను పనిచేసిన ఆసుపత్రిలో జీతాలు నెలల తరబడి రాలేదు. ఆపరేషన్ కావాలంటే సిరంజీలు, కట్టుగుడ్డలు, దారం అన్నీ రోగి తాలూకు వాళ్ళే తెచ్చుకోవాలి. 1996 సెప్టెంబరులో హ్రివ్నా అనే కొత్త డబ్బు వచ్చినప్పుడు పాత డబ్బు లక్ష కర్బోవానెట్లకి ఒక్క హ్రివ్నా ఇచ్చారు.

మరి జనం ఎలా బతికారంటారా, బంగాళాదుంపలతో. ఊరి బయట ఒక్కో కుటుంబానికి ఆరు సోత్కల జాగా, మన లెక్కలో పదిహేను సెంట్లు. శని, ఆదివారాలు మా సీనియర్ సర్జన్ గారు పార పట్టుకుని అక్కడే ఉండేవారు. సోమవారం ఆ చేతులతోనే ఆపరేషన్ చేసేవారు.

రష్యాలో మగవాళ్ళ సగటు ఆయుర్దాయం 1990లో 64 ఏళ్ళ దగ్గర ఉండేది, 1994కి 58 లోపుకి వచ్చేసింది. యుద్ధం లేకుండా ఇంత తగ్గడం. పాఠంలో ఈ ఒక్క అంకె చెప్పండి సింధూర గారూ.

హనోయి కబుర్లు
ఇదంతా చదువుతుంటే నేనున్న వియత్నాం చెప్పాలనిపించింది. ఇక్కడా అదే వ్యవస్థ, అదే క్యూ. ఎవరైనా దిగులుగా కూర్చుంటే "బియ్యం పుస్తకం పోగొట్టుకున్న మొహం" అని ఇప్పటికీ అంటారు. రేషన్ పుస్తకం పోతే ఇంటిల్లిపాదీ పస్తే మరి. 1986లో ఇక్కడా ధరలు ఏడెనిమిది రెట్లు పెరిగాయి. ఆ ఏడాది డిసెంబరులోనే "దొయ్ మొయ్" అనే ఆర్థిక సంస్కరణలు ప్రకటించారు. 1988లో పొలాల సాగు సహకార సంఘాల చేతిలోంచి కుటుంబాల చేతికి వచ్చింది. 1989కి, అంటే మరుసటి ఏడాదికే, బియ్యం పది లక్షల టన్నులకు పైగా ఎగుమతి చేశారు. మా ఇంటావిడ ఆ ఏడాది మొదటిసారి జొన్నలు కలపని అన్నం కడుపునిండా తిన్నానంటుంది.

ఒంగోలు రైతుబిడ్డ
అయితే రష్యాలో అలా ఎందుకు కాలేదు?

హనోయి కబుర్లు
అప్పట్లో ఇక్కడ పదిమందిలో ఏడుగురు రైతులు. పొలం చేతికొస్తే చాలు, నాటేస్తారు. రష్యాలో ఊరంతా ఒకే ఫ్యాక్టరీ మీద బతికే పట్టణాలు బోలెడు. ఆ ఫ్యాక్టరీ సరుకు కొనే ఫ్యాక్టరీ ఇంకో దేశంలో పడింది. చేతికేమిచ్చినా ఆ మనిషి ఒక్కడూ టర్బైను చేయలేడు కదండీ.

నెవా ఒడ్డు
బాగా చెప్పారు. పల్లెల్లో కూడా మూడు తరాలుగా కోల్‌ఖోజ్, అంటే సమష్టి వ్యవసాయ క్షేత్రం, ఇచ్చే జీతం మీద బతికినవాళ్ళే. సొంత సేద్యం చేసిన తాతలు ఎవరూ మిగల్లేదు.

సింధూర గారూ, సూటిగా చెప్తున్నాను. సరుకు లేని రోజుల్లో విసుగు ఉండేది. డబ్బు లేని రోజుల్లో సిగ్గు ఉండేది. 1992 చలికాలంలో మెట్రో మెట్ల పక్కన వరసగా నిలబడి ఇంట్లో కెటిల్, పిల్లల బూట్లు, భర్త పతకాలు అమ్ముకున్న ఆడవాళ్ళు ఎవరి కళ్ళలోకీ చూసేవాళ్ళు కాదు. నాకు రెండోదే కష్టం.

సింధూర
అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి మీరు రాసినవన్నీ అమ్మకి చదివి వినిపించాను. నోట్లు చూపించి, ఇవెందుకు ఉంచుకున్నారో నీకు తెలుసా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. 1991 సెప్టెంబరులో పీహెచ్‌డీకి మళ్ళీ మాస్కో వెళ్దామని నాన్న అనుకున్నారట. స్టైపెండ్ చేతికొచ్చేలోపు మొదటి మూడు నెలల ఖర్చుకని ఆ 300 దాచారట. జనవరి వార్త ఆయనకి తెలిసింది ఏప్రిల్లో, స్నేహితుడి ఉత్తరంలో. ఆ ఉత్తరం కూడా పెట్టెలోనే ఉందట, వెతుకుతున్నాం.