పిల్లి థైరాయిడ్‌కు రేడియోధార్మిక అయోడిన్: అనుభవం ఉన్నవారి సలహా కావాలి

నమస్కారం. మేము అమెరికాలోని న్యూజెర్సీలో ఉంటున్నాము. పదమూడేళ్ల మా పిల్లి ఆబగా తింటున్నా చిక్కిపోతూ, రాత్రిళ్లు కారణం లేకుండా అరుస్తూ ఉండడంతో రక్తపరీక్ష చేయించగా, థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి పనిచేస్తున్నదని తేలింది. నాలుగు నెలలుగా రోజుకు రెండుసార్లు మెథిమజోల్ మాత్ర వేస్తున్నాము. వేస్తున్నాము అనడం కన్నా కుస్తీ పడుతున్నాము అనడమే నిజం. ఈమధ్య వాంతులు, ముఖం రక్తం వచ్చేలా గోక్కోవడం కూడా మొదలవడంతో, డాక్టరు గారు మాత్రలు మాని అయోడిన్-131 అనే రేడియోధార్మిక అయోడిన్ ఇంజెక్షన్ చేయించమన్నారు.

ఒక్క ఇంజెక్షన్‌తోనే చాలా పిల్లులకు శాశ్వతంగా నయమవుతుందని తెలుసుకున్నాను. అయితే థైరాయిడ్ అదుపులోకి వచ్చాక, అంతవరకు మరుగున ఉన్న మూత్రపిండాల జబ్బు బయటపడవచ్చట. మాత్రలతో థైరాయిడ్ అదుపులో ఉన్నప్పుడు మా పిల్లికి మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.1 వచ్చింది. ఈ స్థాయిలో ఎవరైనా ఇంజెక్షన్ చేయించారా? తరువాత మూత్రపిండాలు ఎలా ఉన్నాయి?

ఇంకొక చింత మా రెండేళ్ల మనవరాలి గురించి. ఈ అయోడిన్ తీవ్రత సగానికి తగ్గడానికే సుమారు 8 రోజులు పడుతుంది కనుక, ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా కొన్నాళ్లు పిల్లిని పాపకు దూరంగా ఉంచాలన్నారు. పిల్లి మలమూత్రాలు పడిన ఇసుకను చెత్తబండికి వెంటనే వేయకుండా దాచాలట. అపార్ట్‌మెంటులో, చిన్నపిల్లలున్న ఇంట్లో మీరు దీన్నెలా నెట్టుకొచ్చారో దయచేసి వివరంగా తెలియజేయగలరు.