ఇంట్లో కుట్టే చారల దోమ, తోటలో కుట్టే చారల దోమ ఒకటేనా?

ప్రశ్న:
మా ఇంట్లో పగటిపూట కుట్టే దోమకు కాళ్ళ మీద తెల్లని పట్టీలుంటాయి. ఊరి బయట మామిడితోటలో కుట్టేదానికీ అవే పట్టీలు కనిపిస్తున్నాయి. కూలరు, తొట్టెల నీళ్ళు వారానికోసారి పారబోస్తుంటే ఇంట్లో బెడద తగ్గింది గాని తోటలో తగ్గలేదు. ఇవి రెండూ ఒకే జాతివా? తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:
కాళ్ళను బట్టి తేల్చలేమండీ, వీపు చూడాలి. దోమను నలపకుండా పట్టి (నలిగితే పొలుసులు రాలి గుర్తులు చెరిగిపోతాయి) తెల్లకాగితం మీద బోర్లా పెట్టి భూతద్దంతో చూడండి. తల వెనుక నుంచి వీపు నడుమ ఒకే తెల్లని గీత నిలువుగా సాగితే అది ఏడిస్ ఆల్బోపిక్టస్, అంటే పులిదోమ. ఇరుపక్కల రెండు కొడవళ్ళు ఎదురెదురుగా పెట్టినట్టు వెండి వంపులుంటే అది ఏడిస్ ఈజిప్టై.

రెండవ సమాధానం:
వీటి అసలు తేడా నివాసంలో ఉంది. ఆఫ్రికా నుంచి ఓడలతో లోకమంతా పాకిన ఈజిప్టై, మనిషి నిలవ చేసుకునే నీళ్ళకే అలవాటుపడి, ఇంట్లో మంచాల కింద, వేలాడే బట్టల చాటున దాగి, ఎక్కువగా మనిషినే కుడుతుంది. ఆసియా అడవులకు చెందిన ఆల్బోపిక్టస్ మాత్రం చెట్ల తొర్రల్లో, వెదురు మోళ్ళలో, కొబ్బరిచిప్పల్లో, కేరళ రబ్బరుతోటల్లోనైతే పాలు పట్టే చిప్పల్లో గుడ్లు పెట్టి, పొదల్లో ఉంటూ పశువులనూ వదలదు. అయితే ఊరి అంచుల్లో పాత టైరు ఒకటి దొరికితే రెండూ అందులోనే పెరుగుతాయి. రెండింటి గుడ్లూ ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. అవి నీటిమట్టానికి కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి కనుక, నీళ్ళు పారబోయడంతో సరిపెట్టక తొట్టె లోపలి గోడను పీచుతో రుద్దాలి.

మూడవ సమాధానం:
పై వివరణ సరైనదే గాని, తోట దోమ నిరపాయకరమని ఎవరూ అనుకోకూడదు. 2005-06లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో చికున్‌గున్యాను వ్యాపింపజేసింది ఆల్బోపిక్టసే. వైరస్ పైపొర ప్రోటీన్‌లో ఒకే ఒక అమైనో ఆమ్లం (ప్రోటీన్‌ను కట్టే ఇటుక లాంటిది) మారడంతో, ఆ వైరస్ ఈ దోమ ఒంట్లో మరింత తేలికగా పెరగసాగింది. డెంగీని కూడా ఇది మోయగలదు.

ప్రశ్నించినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం తోటలో పట్టిన రెండింటికీ వీపున ఒకే గీత ఉంది. బోరు పక్కన కొబ్బరిచిప్పల కుప్ప ఒకటుంది, వాననీళ్ళు నిండిన మామిడి తొర్రలు మూడు కనిపించాయి. చిప్పలు ఏరించి, తొర్రలను ఇసుకతో పూడ్పిస్తున్నాను.