ద్రాక్ష గింజల సారంతో కడిగితే రూట్ కెనాల్ సీలర్ (కెనాల్‌ని మూసే జిగురు పదార్థం) పట్టు పెరుగుతుందా?

పీకిన పళ్ల మీద రూట్ కెనాల్ ప్రయోగం చేస్తూ ఒక చోట ఆగిపోయాను. కెనాల్ శుభ్రం చేసే సోడియం హైపోక్లోరైట్ వాడాక డెంటిన్‌లో (పంటి లోపలి గట్టి పొరలో) ఆక్సిజన్ మిగిలి సీలర్‌లోని రెజిన్ సరిగా గట్టిపడదంటారు కదా, అందుకని 17 శాతం ఈడీటీఏ (కెనాల్ గోడల మీది పొరను తీసే ద్రావణం) తర్వాత, ఆ ఆక్సిజన్ ప్రభావం పోగొట్టే యాంటీఆక్సిడెంట్‌గా ద్రాక్ష గింజల సారం పోసి 10 నిమిషాలు ఉంచుతున్నాను. నీళ్లతో కడిగి పేపర్ పాయింట్ (తడి పీల్చే సన్నటి కాగితపు పుల్ల) పెడితే ప్రతిసారీ కొసకి గోధుమరంగు మడ్డి అంటుకొని వస్తోంది. ఇదే ట్యూబుల్స్‌ని (డెంటిన్‌లోని సన్నటి గొట్టాల్ని) మూసేస్తే సీలర్ లోపలికి ఎలా పోతుంది? వడకట్టాలా, గాఢత తగ్గించాలా?

అన్నట్టు, నా సీలర్ ఆ ఆక్సిజన్ ఇబ్బంది ఎక్కువగా ఉండే మెథాక్రిలేట్ రెజిన్ రకం కాదు, ఎపాక్సీ రెజిన్ రకం. దీనికి అసలు యాంటీఆక్సిడెంట్ అంత అవసరమా? ఇంకో యాంటీఆక్సిడెంట్ అయిన 10 శాతం సోడియం ఆస్కార్బేట్‌తో పోల్చి చూసినవాళ్లుంటే కాస్త చెప్పండి. పుషౌట్ టెస్టుకి (సీలర్‌ని బయటికి నెట్టి పట్టు కొలిచే పరీక్షకి) పంటి వేర్లను ముక్కలు కోసేలోపు తేల్చుకోవాలి, టెన్షన్‌గా ఉంది.