బ్యారన్ కట్టెలు కోసుకోవడానికి ఎలాంటి చైన్‌సా కొనాలి?

మెట్ట రైతు (జంగారెడ్డిగూడెం దగ్గర):

నమస్కారమండి. మాకు ఒక పొగాకు బ్యారన్ (కట్టెల పొయ్యి వేడితో పొగాకు ఆకును ఆరబెట్టే గది) ఉంది. ముదిరిపోయిన జీడిమామిడి తోటను మొన్న వేసవిలో తీసివేసి, ఆ చేలో ఆయిల్ పామ్ మొక్కలు వేశాము. పడిన మానులన్నీ గట్టు పక్కకు దొర్లించి ఉంచాము. గట్ల వెంట ముప్పై వరకు జామాయిల్ చెట్లు కూడా కొట్టవలసి ఉంది. ఇంతకాలం కట్టెలు టన్నుల లెక్కన కొనుక్కున్నాము కాబట్టి కోత సంగతి మాకు తెలియదు. ఈసారి సొంత కలపనే మూడడుగుల ముక్కలుగా కోసి, ఆకు కోతకు వచ్చే నాటికి బాగా ఎండబెట్టుకోవాలని మా ఉద్దేశం.

మానుల్లో ఎక్కువ భాగం మూడు నుంచి నాలుగు అడుగుల చుట్టుకొలత ఉన్నవి. రెండు మూడు మాత్రం ఐదడుగులు ఉంటాయి. దుకాణంలో 58 సి.సి., 22 అంగుళాల బారు (కోసే చైను చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పట్టీ) ఉన్న మిషను ఒకటి చూపించారు. పేరున్న కంపెనీల మిషన్లు దానికంటే తక్కువ సి.సి. ఉండి కూడా ధర మూడు నాలుగు రెట్లు పలుకుతున్నాయి. పని చేసేది నేనూ మా తమ్ముడూ మాత్రమే, ఇద్దరికీ ఇది కొత్త. ఏది తీసుకోమంటారు?

మెకానిక్కు (సత్తుపల్లి):

అయ్యా, సి.సి. అంకె కంటే ముందు మానును లెక్కలోకి తీసుకోండి. నాలుగడుగుల చుట్టుకొలత ఉన్న మాను అడ్డకొలత పదిహేను అంగుళాలకు కొంచెం పైన ఉంటుంది కాబట్టి 16 లేదా 18 అంగుళాల బారు మీకు చాలు. ఐదడుగుల మానులను రెండు వైపుల నుంచి కోసుకోవచ్చు. బారు పొడవు పెరిగే కొద్దీ చైను రాపిడి పెరుగుతుంది, దాన్ని లాగడానికే ఇంజను బలం కొంత ఖర్చయిపోతుంది, పైగా ముందు బరువుకు సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. కొత్తవారికి పొడవు బారు అసలు మంచిది కాదు.

స్టిల్ కంపెనీ ఎం.ఎస్. 180 మిషను 31.8 సి.సి. ఉంటుంది. కొమ్మలకూ ఏడెనిమిది అంగుళాల దుంగలకూ అది హాయిగా సరిపోతుంది గాని, రోజుల తరబడి ఎండిన మొదళ్ళు కోయడానికి చాలదు. అదే కంపెనీ ఎం.ఎస్. 250 మిషను 45.4 సి.సి.; బారూ చైనూ కాకుండా 4.6 కిలోల బరువు ఉంటుంది. మీ పనికి ఆ తరగతి మిషను తగినది. హస్క్‌వర్నా వంటి ఇతర కంపెనీల్లోనూ ఈ స్థాయివి దొరుకుతాయి. వాటిలో ఏది కొనాలో తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే: కార్బురేటరు డయాఫ్రం, ఆయిల్ పంపు, స్టార్టరు తాడు, మీ బారుకు సరిపడే చైను, ఇవి జంగారెడ్డిగూడెంలోనే దొరుకుతున్నాయా లేదా అని. బ్యారన్‌లో ఆకు ఎక్కించిన తరువాత పొయ్యి రాత్రింబవళ్ళు మండుతూనే ఉండాలి కదా. అప్పుడు కట్టె తరిగిపోయి, మిషను మొరాయించి, విడిభాగం కోసం వారం రోజులు ఎదురుచూడవలసి వస్తే ఎంత నష్టమో మీకు నేను చెప్పనక్కర లేదు.

కొనేముందు దుకాణం దగ్గరే మిషను ఆడించి చూడండి. చైను తిరుగుతుండగా ముందు పిడి దగ్గరి గార్డును మణికట్టుతో ముందుకు నెడితే, చైను తక్షణం ఆగిపోవాలి. అదే చైన్ బ్రేక్. అది సరిగా పట్టని మిషనును ఎంత తక్కువకు ఇచ్చినా ఇంటికి తీసుకురావద్దు.

చింతలపూడి రైతు:

మీరు చెప్పినటువంటి 58 సి.సి. మిషనునే రెండేళ్ళ కిందట నేను కొన్నాను. పది రోజులు బ్రహ్మాండంగా కోసింది. ఆ తరువాత ఒకనాడు తుమ్మ దుంగ కోస్తుండగా కమురు వాసన వచ్చింది. ఆపి చూస్తే బారు అంచు నీలంగా కమిలి ఉంది. బారుకు ఆయిల్ అందడం లేదని అప్పుడు తెలిసింది. ఆ పంపు మా చుట్టుపక్కల ఎక్కడా దొరకలేదు, మిషను ఇప్పటికీ కొట్టంలోనే పడి ఉంది. అప్పటి నుంచి నేను రోజూ పని మొదలుపెట్టేముందు బారు కొనను తెల్లటి మొద్దు మీదికి జానెడు ఎత్తున పట్టి, ఒకసారి యాక్సిలరేటర్ నొక్కుతాను. మొద్దు మీద సన్నటి నూనె చార పడితే ఆయిల్ అందుతున్నట్టే. వాడేసిన ఇంజను ఆయిల్‌ను బారుకు పోయవచ్చని కొందరు చెబుతారు, దయచేసి ఆ పని చేయకండి. అందులోని లోహపు నలుసులూ మడ్డీ పంపునూ బారునూ తినేస్తాయి.

కరెంటు మిషన్ల అభిమాని:

మానులను బ్యారన్ దగ్గరికే చేర్చగలిగితే కరెంటు చైన్‌సా సంగతి కూడా ఆలోచించండి. పెట్రోలు, ఆయిల్ కలపడాలు ఉండవు, మోత తక్కువ. అయితే 2000 వాట్ల మిషనుకు సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వేస్తే వైరు వేడెక్కిపోతుంది, ఓల్టేజి పడిపోయి మోటారు దెబ్బతింటుంది. గట్ల మీది పనికి మాత్రం అది పనికిరాదు. చెట్లు కొట్టే ముందు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అవసరమేమో అటవీ రేంజి కార్యాలయంలో కనుక్కోండి. గట్టు మీద వేప, చింత వంటివి ఉంటే మరీ ముఖ్యం.

మెట్ట రైతు:

అందరికీ ధన్యవాదాలండి. 45 సి.సి. మిషను, 16 అంగుళాల బారు తీసుకోవాలని నిర్ణయించుకున్నాము. మెకానిక్కు గారూ, చైను పదును మేమే పెట్టుకోగలమా? పెట్రోలులో ఆయిల్ ఎంత కలపాలి?

మెకానిక్కు (సత్తుపల్లి):

తప్పకుండా పెట్టుకోగలరు, పెట్టుకోవాలి కూడా. పదును ఉన్న చైను కలపను చిన్న చిన్న పెచ్చులుగా చిమ్ముతుంది. పిండిలాంటి పొట్టు రాలుతోందంటే పళ్ళు మొద్దుబారినట్టే. అప్పుడు మిషనును బలంగా అదిమి కోయకుండా ఆపేసి గుండ్రటి ఆకురాయి తీయండి. .325 పిచ్ (చైను లంకెల మధ్య దూరం, అంగుళాల్లో) చైనుకు 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి, చిన్న మిషన్ల మీద ఉండే 3/8 పిచ్ ‘లో ప్రొఫైల్’ (ఎత్తు తక్కువ) చైనుకు 4 మిల్లీమీటర్లది వాడాలి. పంటి మీద ఉన్న 30 డిగ్రీల గీతకు సమంగా, లోపలి నుంచి బయటికి మాత్రమే తోయండి. ఒక పంటికి మూడు తోపులు ఇస్తే అన్నిటికీ మూడే ఇవ్వాలి, లేకపోతే కోత పక్కకు గుంజుకుపోతుంది. మీ మానులు నేల మీద దొర్లాయి కాబట్టి బెరడులో మట్టి, ఇసుక ఉంటాయి. కోసే చోట ముందుగా గొడ్డలితో బెరడు చెక్కేస్తే పదును చాలాసేపు నిలుస్తుంది.

ఆయిల్ కొలత మిషనుతో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్. 25:1 అని ఉంటే 40. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. అందుచేత వారానికి సరిపడా మాత్రమే కలుపుకోండి. సీజను అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట తాను ఆగిపోయే దాకా ఆడించి పక్కన పెట్టండి.

ఇంకొక మాట. దుంగకు రెండు చివరలా ఆనిక ఉండి నడుము గాలిలో ఉంటే, పై నుంచి మూడో వంతు కోసి, మిగతాది కింది నుంచి పైకి కోయండి. లేకపోతే దుంగ కుంగి బారును కరిచి పట్టేస్తుంది. ఒక చివర గాలిలో వేలాడుతుంటే ముందు కింది నుంచి మూడో వంతు, ఆ తరువాత పై నుంచి కోయాలి. బారు కొన పై భాగం దేనికీ తగలకూడదు, తగిలితే మిషను రెప్పపాటులో ముఖం మీదికి ఎగురుతుంది. లుంగీతో, మెడలో తువాలుతో ఈ పనికి దిగవద్దు. మొదటి రెండు రోజులు సన్నటి దుంగలే కోసి, ఐదడుగుల మానులను చివరికి ఉంచుకోండి.