‘నాట్ ఓన్లీ’ ఎక్కడ పెట్టాలి?

రాత్రి షిఫ్ట్:
మొన్న క్లయింట్‌కి మెయిల్ రాశాను: ‘వీ నాట్ ఓన్లీ టెస్టెడ్ ద పేమెంట్ పేజ్ బట్ ఆల్సో ద రిఫండ్ పేజ్.’ మా లీడ్ ‘నాట్ ఓన్లీ’ని ‘టెస్టెడ్’ తర్వాతకి జరిపారు. ఎందుకని అడిగితే అలా ఉంటేనే బాగుంటుందన్నారు. అప్పటి నుంచి కాల్స్‌లో ఈ మాట దగ్గరికి రాగానే టెన్షన్. మీకు ఎలా అలవాటైందో చెప్పండి.

గుంటూరు టీచరమ్మ:
హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. పిల్లలకు చెప్పేదే మీకూ చెబుతున్నా బాబూ: ముందు ‘బట్ ఆల్సో’ పక్కన ఏముందో చూడండి. మీ వాక్యంలో ‘ద రిఫండ్ పేజ్’ ఉంది. అంటే ‘నాట్ ఓన్లీ’ పక్కన కూడా పేజీయే ఉండాలి: ‘వీ టెస్టెడ్ నాట్ ఓన్లీ ద పేమెంట్ పేజ్ బట్ ఆల్సో ద రిఫండ్ పేజ్.’ రెండు పనులు చేశామని చెప్పాలంటే మాత్రం మీరు పెట్టిన చోటే సరైనది: ‘వీ నాట్ ఓన్లీ టెస్టెడ్ ద పేజ్ బట్ ఆల్సో ఫిక్స్‌డ్ ఇట్.’

మనకు తడబాటు ఎందుకంటే, తెలుగులో ఈ ముక్కలు మాట వెనక వస్తాయి. ‘పేమెంట్ పేజీనే కాదు, రిఫండ్ పేజీని కూడా’ అంటాం. ఇంగ్లీషులో రెండూ మాటకు ముందే రావాలి. ఏ రెండింటిని జత కడుతున్నామో నోరు తెరిచేలోపే తేల్చుకోవాలి. నా క్లాసులో పిల్లలు ఆ రెండు మాటల కింద గీత గీశాకే వాక్యం మొదలుపెడతారు.

ఓరుగల్లు అమ్మాయి:
‘బోత్’ దగ్గర నాకు తెలుగే సాయం చేసింది. ‘బోత్ ఇన్ హైదరాబాద్ అండ్ వరంగల్’ అని రాసేదాన్ని. ‘హైదరాబాద్‌లోనూ వరంగల్‌లోనూ’ అని ‘లో’ రెండుసార్లు అంటాం కదా, అలాగే ‘ఇన్’ కూడా రెండుసార్లు పెట్టాలి. లేదంటే ‘ఇన్ బోత్ హైదరాబాద్ అండ్ వరంగల్.’

కోనసీమ కుర్రాడు:
ఒక ఇంటర్వ్యూలో ‘బోత్ మై ఫాదర్ అండ్ మై బ్రదర్ ఆర్ నాట్ వర్కింగ్’ అన్నాను. ‘మరి ఒక్కరైనా చేస్తున్నారా?’ అని అడిగారు. చెమటలు పట్టాయి. ‘నాన్నా చేయట్లేదు, అన్నయ్యా చేయట్లేదు’ అన్నది నా మనసులో మాట. దానికి ‘నైదర్ మై ఫాదర్ నార్ మై బ్రదర్ ఈజ్ వర్కింగ్’ అనాలట. ‘నైదర్’ వచ్చాక ‘నాట్’ అక్కర్లేదు.

గుంటూరు టీచరమ్మ:
అవును. అన్నయ్యలు ఇద్దరైతే ‘నార్ మై బ్రదర్స్ ఆర్ వర్కింగ్.’ క్రియ దగ్గరున్న కర్తను బట్టి మారుతుంది.

రాత్రి షిఫ్ట్:
మేడమ్, ‘నాట్ ఓన్లీ’తోనే వాక్యం మొదలుపెడితే?

గుంటూరు టీచరమ్మ:
అప్పుడు ప్రశ్న అడిగినట్టు ‘డిడ్’ ముందుకొస్తుంది: ‘నాట్ ఓన్లీ డిడ్ వీ టెస్ట్ ద పేజ్, బట్ వీ ఆల్సో ఫిక్స్‌డ్ ఇట్.’ స్కూల్లో ‘యాజ్ సూన్ యాజ్’ని ‘నో సూనర్’కి మార్చేవాళ్లం, గుర్తుందా? ‘నో సూనర్ హ్యాడ్ ఐ రీచ్‌డ్ ద స్టేషన్ దాన్ ద ట్రైన్ లెఫ్ట్.’ అదే పద్ధతి. ‘సూనర్’కి జోడీ ‘దాన్’, ‘హార్డ్‌లీ’కి ‘వెన్’. ఇవి రాతలో బాగుంటాయి. కాల్‌లో హాయిగా ‘యాజ్ సూన్ యాజ్’ అనండి.

రాత్రి షిఫ్ట్:
ఇవాళ మెయిల్లో ‘వీ విల్ ఐదర్ సెండ్ ద రిపోర్ట్ టుడే ఆర్ టుమారో’ అని రాశాను. ‘ఆర్’ పక్కన ‘టుమారో’ కనిపించగానే ‘ఐదర్’ని ‘టుడే’ ముందుకు జరిపాను. లీడ్ ఏమీ మార్చకుండా పంపించేశారు.